అమ్మ గోలీలు నేను మింగిన కాలం

సహోదరులారా, సహోదరీలారా, మా అమ్మకు ఫిట్స్ తగ్గాలని మీరంతా మూడు శుక్రవారాలు ఉపవాసముండి ఈ మందిరంలో ప్రార్థించారు, అప్పుడు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నవాణ్ణి నేనే, ఆమె మందు దొంగిలిస్తున్నవాణ్ణీ నేనే!

మాది బోధన్ దగ్గర ఊరు. చెరుకు పనులు తగ్గాక అమ్మ చుట్టే బీడీలతోనే ఇల్లు గడిచేది. ఆమె నిజామాబాదు దవాఖానకు పోయి వరుసలో నిలబడితే ఆ రోజు పని ఆగిపోతుంది కాబట్టి, ఆమె చీటీ పట్టుకుని డిగ్రీ చదివిన నేనే పోయి నెలకు సరిపడా గోలీలు తెచ్చేవాణ్ణి, చదువు ఏదో ఒకందుకు పనికొస్తుందంటారు కదా! ఉద్యోగం రాక నిద్రపట్టని రోజుల్లో అమ్మ గోలీ ఒకటి మింగి చూశాను, మత్తుగా, హాయిగా అనిపించింది, ఆ తర్వాత స్నేహితులతో కలిసి కల్లులో వేసుకుని తాగాను, కొన్ని నెలలు తిరిగేసరికి అవన్నీ నాకే చాలడం లేదు. అమ్మ డబ్బాలో అదే రంగు బలం గోలీలు పోశాను. ఆమెకు బలం వచ్చిందో లేదో గాని, ఫిట్స్ మాత్రం తిరిగి వచ్చాయి.

ఒక మధ్యాహ్నం బీడీలు చుడుతూనే పడిపోయింది, ఒళ్ళోని చేట ఎగిరి తంబాకు గదంతా చెదిరింది, గడపకు తగిలి తల పగిలింది. పక్కింటి అక్క పరుగున వచ్చి కట్టు కడుతూ, "తమ్మీ, నువ్వు ఇంత మంచిగ గోలీలు తెస్తుంటే గిట్లెందుకైతుందిరా? దవాఖానోళ్ళు ఉత్తయి ఇస్తుండ్రేమో, పోయి గట్టిగడుగు" అంది. అడుగుతానన్నాను! నా అంత మర్యాదస్థుణ్ణి మీరు చూసి ఉండరు.

ఆ సాయంత్రం అమ్మ గోడకు ఆనుకుని ప్రార్థించింది. "యేసయ్యా, నా కొడుకు నా చీటీ వట్టుకొని ఎండల తిరిగి తిరిగి నల్లగైండు, బుగ్గలు లోపలికి వోయినయ్. నా బీమారి తియ్యకున్న మంచిదే, ఆ పోరనికి జర పానం మంచిగ జెయ్యి తండ్రీ."

దానికి నేను ఆమేన్ అనలేకపోయాను. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పేశాను. అమ్మ, "గింత సదివిస్తే గిదా నేర్సినవ్? నేను సచ్చిపోతే నీకెవరు బువ్వ వెడ్తరని రోజు ఏడ్సిన గదరా!" అంది.

మర్నాడు బీడీలు పక్కనపెట్టి, తనే నా చెయ్యి పట్టుకుని అదే దవాఖానకు తీసుకుపోయి, ఈసారి చీటీ నా పేరు మీద రాయించింది. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని డాక్టరు మెల్లమెల్లగా తగ్గించారు. వణుకు, చెమటలు, అమ్మను తిట్టిన తిట్లు, అన్నీ అయ్యాయి, ఒకసారి మళ్ళీ ఆ అలవాటులోకి జారిపడ్డాను కూడా. దేవుడు నన్ను ఒక్క రోజులో మార్చలేదు, కానీ ఒక్క రోజు కూడా విడిచిపెట్టలేదు, మహిమంతా ఆయనదే!

ఏడు నెలలుగా ముట్టలేదు. అమ్మకు అసలు మందు పడుతోంది, ఫిట్స్ రాలేదు. డబ్బా ఎక్కడ దాచిందో నాకు మాత్రం చెప్పదు. నన్ను క్షమించింది, అంతేగాని తెలివి తక్కువది కాదు.

మీ ముందు తలెత్తలేకపోతున్నాను, అయినా మీ ఉపవాసాలు వ్యర్థం కాలేదని చెప్పాలనే నిలబడ్డాను. మీ మధ్య ఇలాగే దాచుకుని కూర్చున్న తమ్ముడెవరైనా ఉంటే, ముందు ప్రభువుకు చెప్పుకో, ఆయన కసురుకోడు, తర్వాత ఇంట్లో చెప్పు, అదీ కష్టమైతే ప్రార్థన అయ్యాక నా దగ్గరికి రా, మీ అమ్మ ముందుకు నేను తోడొస్తాను.