మా ఇంటివైపు కన్నం

మా ఊరి పాత బురుజును కూల్చకుండా ఉంచాలని గట్టిగా వాదించేవాళ్ళలో ఒక్కరి ఇల్లూ దాని పక్కన లేదు. నా గొడ్లచావిడి మాత్రం సరిగ్గా దాని కిందే ఉంది. గట్టి వాన పడితే చాలు, పైనుంచి రాయి ఊడి రేకుల మీద పడుతుంది. కిందటి వానాకాలం చూడిగేదె ఒకటి నడుం విరిగి చచ్చింది. దీన్ని కొట్టెయ్యండి అని పంచాయతీకి వెళ్ళి అడిగితే, అది ఊరి గౌరవం అంటూ నాకే బుద్ధులు చెప్పి పంపారు. ఆ గౌరవం వాళ్ళ గేదెల మీద పడదు కదా.

గుర్రాల మీద దోపిడీ మూకలు వచ్చే కాలంలో కట్టారట. తుపాకులు పెట్టడానికి చుట్టూ కన్నాలున్నాయి, అన్నీ పొలాల వైపే. వాటితో నాకు పేచీ లేదు. ఒక్క కన్నం మాత్రం మా వీధిలోకి చూస్తుంది. అది తాతల నాటిది కాదు. నేను హైస్కూల్లో ఉండగా, ఊరు రెండు పార్టీలై కొట్టుకుంటున్నప్పుడు, అవతలివాళ్ళు గునపాలతో పొడిచింది. అందులోంచి ఒకడు మా గుమ్మాన్ని కనిపెట్టి ఉండేవాడు. ఒక ఉదయం మా నాన్న పాలచెంబుతో బయటికి రాగానే వాడు సైగ చేశాడు, బురుజు పైనున్నవాడు నాటుబాంబు విసిరాడు. నాన్న కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. అప్పటినుంచి ఆయన ఏ పెళ్ళిలోనూ బంతిలో కూర్చోలేదు. ఎడంచేత్తో తింటుంటే నలుగురూ చూస్తారని అక్షింతలు వేసి వచ్చేస్తాడు. కేసు రాజీ అయింది గానీ నా కడుపుమంట చల్లారలేదు.

ఈ ఏడు నరసరావుపేట నుంచి ఒక ఆఫీసరు వచ్చి, బురుజును బాగుచేసి కాపాడతామన్నాడు. మీటింగులో అవతలి పార్టీ పెద్దాయన, వరసకు నాకు బాబాయి, మైకు పట్టుకుని "మన బురుజు, మన బురుజు" అని ఊగిపోయాడు. మా ఊళ్ళో మన అంటే ఊరు కాదు, పార్టీ. మనోళ్ళు, మన వీధి, మన బోరు. అది తెలియని ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పని మొదలైంది. మేస్త్రి నిచ్చెనెక్కి మా వైపు కన్నంలో రాళ్ళు పేరుస్తుంటే వెళ్ళి ఆపాను. బాబాయి వచ్చాడు.

"అది పాతది కాదు గదరా. పూడిస్తే నీకేంది నొప్పి?"

"కూలిస్తే మొత్తం కూల్చు బాబాయ్. ఉంచేటట్టయితే అదీ ఉంచు. మీవోళ్ళు పొడిచిందేగా."

"పాత గొడవలు ఇప్పుడెందుకురా?"

"పాత బురుజు కావాల, పాత గొడవ మాత్రం వద్దా?"

ఆఫీసరు దగ్గరికి వచ్చాడు. ఈ కన్నం ఎవరు పొడిచారు, ఎప్పుడు అని అడిగాడు. బాబాయి ముందుకొచ్చాడు.

"ఇదీ తాతల కాలందే సార్. నాకు బాగా తెలుసు. ఉండనీయండి."

ఇంతలోనే మాట మార్చిన మనిషిని నిలదీయాల్సింది. కన్నం దక్కింది చాలనుకుని ఊరుకున్నాను.

పని అయ్యాక బోర్డు పెట్టారు. శత్రువుల రాకను కనిపెట్టడానికి మన పూర్వీకులు ఈ కన్నాలు ఏర్పాటు చేశారని అందులో రాశారు. నాన్న వెళ్ళి చదివి వచ్చి, వరండాలో మంచం మీద కూర్చున్నాడు.

"రాసింది తప్పేం కాదులేరా," అన్నాడు. "వాళ్ళకి శత్రువులం మనమేగా."

ఇప్పుడు ఆదివారాలు పిడుగురాళ్ళ నుంచి, మాచర్ల నుంచి జనం వస్తున్నారు. ఒక్కో కన్నానికి ఫోను ఆనించి ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళు దిగి వెళ్ళేదాకా నాన్న లోపలే తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు.