తీపి ఉంది, చక్కెర లేదు

నేను ఇన్సూరెన్స్ ఏజెంటును. ఇల్లు హిందూపురంలో. తిరుగుడు మాత్రం పెనుకొండ, ధర్మవరం, ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ. మా వృత్తిలో మాట ఎంత ముఖ్యమో టీ అంత ముఖ్యం. ఒక ఇంటికి పోయి, ఆ ఇంటాయన చావు గురించి ఆయన ముందే మాట్లాడి, సంతకం పెట్టించుకుని రావాలంటే మధ్యలో ఒక గ్లాసు టీ ఉండి తీరాలి. టీ వద్దంటే వాళ్లు పాలసీ వద్దంటారు. అందుకని ఏళ్ల తరబడి ఎవరిచ్చినా కాదనకుండా తాగాను. పల్లెల్లో మర్యాదను చక్కెరతో కొలుస్తారు. నాకు మర్యాద ఎక్కువే జరిగింది.

యాభై దగ్గర పడుతుండగా ఒక ఎండాకాలం దాహం పట్టుకుంది. హిందూపురంలో ఎండాకాలం దాహం వేయడం వింతేమీ కాదు కాబట్టి కూల్‌డ్రింకులు తాగాను. తాగేకొద్దీ దాహం పెరిగింది. చివరికి మా ఆవిడ చెయ్యి పట్టుకుని ల్యాబుకు లాక్కుపోయింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "షుగర్ ఉండాదప్పా నీకు. మాత్రలు రాస్తా. చక్కెర మానేయాల, అన్నం తగ్గించాల, రోజూ నడవాల" అంది.

పక్కవాడికి రాబోయే ఆపదల గురించి చెప్పి బతికేవాణ్ని. నాకూ ఒకటి వస్తుందని ఎప్పుడూ తట్టలేదు. అయినా వృత్తి వృత్తే. ఏ కాగితంలోనైనా సందు వెతకడం అలవాటు కదా, ఆమె మాటలోనూ సందు దొరికింది. చక్కెర మానేయమంది గానీ తీపి మానేయమనలేదు.

ఆ సాయంత్రమే మందుల షాపులో చిన్న ప్లాస్టిక్ డబ్బీ కొన్నాను. పైన నొక్కితే అడుగు నుంచి ఆవగింజకు అన్నలాంటి మాత్ర ఒకటి టీలో పడుతుంది. దాంతోపాటు డైట్ సోడా టిన్నులు. చక్కెర సున్నా అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఒకటి తెరిచి తాగాను. అచ్చం కూల్‌డ్రింకే. కాస్త చేదు చివర మిగిలింది గానీ, ఇన్నాళ్ల అలవాటును ఇంత సులువుగా జయించిన వాడికి ఆ మాత్రం చేదు ఒక లెక్కా?

అప్పటినుంచి నేను పాలసీల కంటే ఎక్కువగా ఆ డబ్బీనే ప్రచారం చేశాను. బుక్కపట్నంలో ఒక రైతు ఇంట్లో, చక్కెర లేని టీ అడిగి తెప్పించుకుని, జేబులోంచి డబ్బీ తీసి టిక్కుమని నొక్కాను. పెద్దాయన వంగి చూశాడు.

"ఏమప్పా, తలనొప్పా? మాత్ర టీలో వేసుకుంటాండావే?"

"తలనొప్పి మాత్ర కాదు పెద్దాయనా, చక్కెర బదులు."

"చక్కెర మా ఇంట్లో ఉండాది కదప్పా. అడిగితే ఇయ్యమా? జేబులో పెట్టుకోని వచ్చేంత కష్టం ఏమొచ్చె నీకు?"

ఆయనకు ఆస్పర్టేమ్ గురించీ సుక్రలోజ్ గురించీ చాలాసేపు చెప్పాను. నాకూ ఆ ముందురోజే తెలిసిన పేర్లవి. ఆయన ఓపిగ్గా విని, తన టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు. పాలసీ మాత్రం తీసుకోలేదు.

నిజానికి ఆ సోడా నాకు ఒక అనుమతి పత్రంలాగా పనిచేసింది. సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగితే, చేతిలో డైట్ టిన్ను ఉంది కదా అని ఇంకో ప్లేటు చెప్పేవాణ్ని. ఆదివారం బిర్యానీ పక్కన టిన్ను పెట్టుకుంటే, ఆ బిర్యానీ కూడా సగం పథ్యమే అన్నట్టుండేది. మా ఆవిడ కొన్నాళ్లు చూసి అడిగింది.

"ఆ సోడా ఏమన్నా బజ్జీలను గూడా కరగబెడ్తాదా?"

అప్పుడు నా నోట్లో బజ్జీ ఉంది.

ఇంతలో ఫోనులో వీడియోలు రావడం మొదలైంది. ఒకాయన ఈ మాత్రలతో క్యాన్సర్ వస్తుందంటాడు. ఒకావిడ మతిమరుపు వస్తుందంటుంది. ఇంకొకాయన అవన్నీ అబద్ధాలని గంభీరంగా చెప్పి, చివర్లో తన దగ్గర మూలికల పొడి దొరుకుతుందంటాడు. క్యాన్సర్ వీడియో చూసిన రోజు డబ్బీని బీరువా మీద పెట్టేవాణ్ని. అబద్ధాలన్న వీడియో వచ్చిన రోజు కుర్చీ వేసుకుని దించేవాణ్ని. ఆ నెలల్లో నేను చేసిన వ్యాయామం అదొక్కటే.

మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే షుగర్ తగ్గలేదు, పెరిగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. దొంగ దొరికాడనుకున్నాను. మా ఆవిడతో కలిసి డాక్టరమ్మ ముందు కూర్చుని, "ఆ డైట్ సోడాల వల్లే మేడమ్. వీడియోల్లో చెప్తానే ఉండారు" అన్నాను.

"దాంతోపాటు ఏం తింటాండావప్పా?"

నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. మా ఆవిడ చూడలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. బజ్జీలు, బిర్యానీ, పరోటాలు, పెళ్లిళ్లలో అడిగి వేయించుకున్న రెండో విస్తరి. డాక్టరమ్మ రాసుకోవడం ఆపేసి వింటూ కూర్చుంది. తర్వాత మందు మార్చింది.

"ఈ మాత్ర గట్టిది. ఇది వేసుకోని తిండి మానకూడదు. యాళకు తినాల. తెలిసిందా?"

తెలిసిందన్నాను. నాకు వినబడింది "గట్టిది" అన్న ఒక్క మాట. గట్టి మాత్రకు గట్టి మనిషి కావాలి కదా. నా పరువు మా ఆవిడ ముందు, డాక్టరు ముందు పోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. తక్కువ తినడం మంచిదైతే అసలు తినకపోవడం ఇంకా మంచిదని తేల్చుకున్నాను. ఆకలేస్తే డైట్ సోడా. కడుపు గ్యాసుతో నిండుతుంది, నోరు తీపిగా ఉంటుంది, ఇక అన్నంతో పనేముంది?

కొన్నాళ్లు బాగానే సాగింది. ప్యాంటు నడుము వదులైంది. కనబడిన వాళ్లందరికీ ఆ వదులు వేలు పెట్టి చూపించాను.

ఆ రోజు ధర్మవరంలో పని. పొద్దున మాత్ర వేసుకుని, ఒక ఇడ్లీ తిని బయలుదేరాను. పని ముగించుకుని మధ్యాహ్నానికి మా అక్క ఇంటికి పోయాను. బావ పట్టుచీరలు నేస్తాడు. అక్క కూతురు హిందూపురంలో ఉంటుంది, కడుపుతో ఉంది. కూతురు ఓళిగలు తినాలని ఉందందట. అదే, బొబ్బట్లు. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర కూర్చుని చేసి డబ్బాకెత్తింది అక్క. వాటిని తీసుకుని నా బండి మీద వస్తానంది. ముందు నాకు రాగిసంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది.

నేను కంచం పక్కకు జరిపి, సంచిలోంచి టిన్ను తీశాను.

"తోడబుట్టిందాని ఇంట్లో అన్నం వద్దంటారేమిరా ఎవురన్నా?"

"అన్నం కాదక్కా, క్యాలరీలు. ఇది తాగితే చాలు. నువ్వు గూడా అలవాటు చేసుకో."

మగ్గం మీదనుంచి బావ నవ్వు వినిపించింది. అక్క నవ్వలేదు. ఆ ముద్ద మీద మూత పెట్టి లోపల పెట్టేసింది. దారి పొడుగునా, చెన్నేకొత్తపల్లి దాటేదాకా నాతో మాట్లాడలేదు.

హైవే ఎక్కాక ఆమె ఉన్నట్టుండి నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏమిరా, బండి అట్లిట్ల పోతాండాదే?"

"గాలక్కా."

గాలి లేదు. చెట్టు ఆకు కదలడం లేదు. వణుకుతున్నవి నా చేతులు. చొక్కా తడిసిపోయింది. పెనుకొండ కొండ ఎదురుగా కనబడుతోంది గానీ, ఒకటికి రెండుగా కనబడుతోంది. ఎలాగో ఊళ్లోకి వచ్చి, నాకు అలవాటైన కూల్‌డ్రింక్ షాపు ముందు బండి ఆపాను. ఆ షాపాయన నాకోసమే డైట్ టిన్నులు తెప్పించి ఫ్రిజ్‌లో పెడతాడు. నన్ను చూడగానే ఒకటి తెరిచి చేతికిచ్చాడు.

గటగటా తాగాను. నాలుక మీద తీపి తగిలింది. కాళ్లకు ఆ కబురు అందలేదు. ఇంకొకటి అడిగాను. అదీ తాగాను. పెదాలు మొద్దుబారాయి. బెంచీ మీద కూర్చున్నాననుకుంటాను, కూలబడ్డానని అక్క అంటుంది. ఇది గుండెపోటే అనిపించింది. ఆ సమయంలో దేవుడు గుర్తుకు రావాలి, పెళ్లాం పిల్లలు గుర్తుకు రావాలి. నాకు మాత్రం నా పాలసీలో నామినీ పేరు తప్పుల్లేకుండా రాశానా అన్న అనుమానం వచ్చింది.

"అయ్యో, తాగేదానికి ఏమన్నా ఇయ్యప్పా, మావాడు పడిపోతాండాడు!" అని అక్క అరిచింది.

షాపాయన పరుగున పోయి తెచ్చాడు. నాకిష్టమైనదే తెచ్చాడు పాపం, మూడో డైట్ టిన్ను.

జనం మూగారు. ఒకరు ఎండదెబ్బ అన్నారు. ఒకరు ఫిట్స్ అన్నారు. ఉల్లిగడ్డ తెండప్పా అని ఎవరో కేక వేశారు. అక్క ఆ టిన్నును చూసి మండిపడింది.

"అదే కదప్పా తాగి తాగి ఇట్లయింది! పొద్దున్నుంచి కడుపులో మెతుకు లేదు వీనికి. బిడ్డలు తాగే మామూలుది ఏదన్నా ఇయ్యి."

అంటూనే తన డబ్బా మూత తీసి, ఒక ఓళిగ మడిచి నా నోటి దగ్గర పెట్టింది. తెలివి సగం పోయినా నా పట్టుదల మాత్రం పోలేదు. పళ్లు బిగించాను.

"వద్దు... నాకు షుగర్..."

"నోరు తెర్చు!"

"తీపి... తినకూడదు..."

"నోరు తెరుస్తావా, ఈడ్నే నాలుగు పెట్టమంటావా?"

నడిబజారులో, చూస్తున్న జనం ముందు, ముగ్గురు పిల్లల తండ్రినైన నాకు అక్క చంటిబిడ్డకు పెట్టినట్టు చిన్న చిన్న ముక్కలు చేసి తినిపించింది. షాపాయన తెచ్చిన ఆరెంజ్ డ్రింకు కొంచెం కొంచెంగా పోసింది. నేను వద్దు వద్దంటూనే మింగాను. కాసేపటికి చెమట ఆరింది. కొండ ఒకటైంది. షాపు బోర్డు మీది అక్షరాలు చదవగలిగాను. ఉల్లిగడ్డ అప్పుడు వచ్చింది.

బండిని షాపాయనకు అప్పగించి, ఆటో మాట్లాడుకుని నేరుగా హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె వేలికి సూది గుచ్చి చూసింది, జరిగిందంతా అడిగింది. టిన్నుల సంగతి చెప్పేసరికి తల పట్టుకుంది.

"నువ్వు మాత్ర వేసుకోని తిండి మానితివి. ఒంట్లో చక్కెర పడిపోయింది. ఆ సోడాలో తీపి ఉండాది, చక్కెర లేదు. అట్లాంటప్పుడు అది ఫ్రిజ్ నిండా తాగినా నీళ్లు తాగినట్లే. మామూలు చక్కెర, గ్లూకోజు, పండ్లరసం, ఏదో ఒకటి పడాల. మీ అక్క పెట్టకుంటే రోడ్డు మీద పడిపోయి ఉంటివి."

అక్క అప్పటిదాకా ఓర్చుకుని, అప్పుడు ఏడ్చింది. పవిటతో ముఖం తుడుచుకుంటూ, "సంగటి వద్దన్నాడు మేడమ్" అని ఫిర్యాదు చేసింది. ఆ ఏడుపు చూసైనా నేను ఊరుకోవాల్సింది. కానీ ఊరుకోలేని నోరు నాది.

"అయితే మేడమ్, డైట్ సోడా మంచిదా, చెడ్డదా? ఒక్క మాట చెప్పండి."

"ఒక్క మాటలో చెప్పేదయితే నేనూ వీడియో పెట్టుకోని ఉందును" అంది. "ఎప్పుడన్నా ఒకటి తాగితే ఏమీ కాదు. లిమిట్లో ఉంటే ఆ మాత్రలు గూడా అంతే. రోజూ ఏండ్ల తరబడి తాగితే ఏమైతాదో గట్టిగా చెప్పేవాళ్లు లేరు. గుండెకు మంచిది కాదని కొందరంటాండారు. ముందే లావుండేవాళ్లు, షుగర్ ఉండేవాళ్లు అది తాగుతారు కాబట్టి అట్ల కనపడతాదని ఇంకొందరంటారు. బరువు తగ్గేదానికి దాన్ని నమ్ముకోవద్దు. చక్కెర కూల్‌డ్రింకు కంటే మేలు. నీళ్ల కంటే కాదు."

నాకు నిరాశ కలిగింది. విషమని తేలితే కోర్టుకు పోయినంత కోపంతో వదిలేసేవాణ్ని. మందని తేలితే గర్వంగా తాగేవాణ్ని. ఆమె నాకు రెండూ లేకుండా చేసింది. తప్పంతా టిన్నులో లేదని, టిన్ను పట్టుకున్న చేతిలో ఉందని తేల్చింది. ఎన్ని వీడియోలు చూశాను, ఒక్కడైనా నా పేరు ఎత్తలేదే!

మర్నాడు బండి తెచ్చుకోవడానికి బస్సులో పెనుకొండ పోయాను. షాపాయన బండి తాళం ఇస్తూ ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించాడు. అడుగు అరంతా నా టిన్నులే.

"ఇవేం చేయాల సార్?"

"ఎవరికన్నా అమ్మప్పా."

"ఈడ ఎవురు తాగుతారు సార్? మీరున్నారనే తెప్పిస్తి."

సిగ్గుపడి వాటిలో సగం నేనే కొన్నాను. ఇంటికి వచ్చిన చుట్టాలకు పోసేసరికి చాలా నెలలు పట్టింది. చాలామంది ఒక్క గుక్క తాగి, గ్లాసు మెల్లగా కింద పెట్టి, వాతావరణం గురించి మాట్లాడేవాళ్లు.

ఇప్పుడు యాళకు తింటున్నాను. టీలో తీపి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాను. మొదట్లో ప్రతి గుక్కా శిక్షలాగా ఉండేది, ఇప్పుడు అల్లం వాసన తెలుస్తోంది. జేబులో గ్లూకోజు పొట్లం ఉంటుంది. షుగర్ పూర్తిగా లొంగలేదు గానీ, డాక్టరమ్మ రిపోర్టు చూసి తల పట్టుకోవడం మానేసింది.

పొద్దున్నే మా ఆవిడతో కలిసి స్కూలు గ్రౌండు చుట్టూ నడుస్తున్నాను. కలిసి అనడం అతిశయోక్తి. ఆమె చెప్పులు టపటపలాడించుకుంటూ ముందు పోతుంది. గోల్‌పోస్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది. ఆయాసంతో నిలబడిపోయిన నేను, వేపచెట్టు మీది పిట్టను చూస్తున్నట్టు తల పైకెత్తుతాను.

"యాడుండాది పిట్ట?" అని అడుగుతుంది ఆమె.

ఇప్పుడే ఎగిరిపోయిందంటాను.