షమీమక్క శనివారం క్లాసు ఆగదు

నిన్న పొద్దున కుప్పంలో, మా ఇంట్లో, దోసె పెనం మీద వేసి ఫోన్ చూశాను.

"షమీమ్ లేదమ్మా."

అంతే. ఆమె భర్త బాషా అన్న పంపిన మెసేజ్.

దోసె మాడిపోయింది.

మూడు రోజుల కిందటే మదనపల్లె ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి "నాకేమైందే? శనివారం లోపల ఇంటికి పోతాండా. లీవులో వచ్చి తిని పడుకోవద్దు, స్లైడ్లు రెడీ చెయ్" అని నన్ను తిట్టిన మనిషి.

లేదంటే ఎట్లా నమ్మేది?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్కది పుంగనూరు, నాది కుప్పం. కలిసింది మాత్రం గల్ఫ్‌లో, అక్కడి మన అకౌంటెంట్ల అసోసియేషన్‌లో.

అక్కడ ఏడాదికి ఇన్ని గంటలు ట్రైనింగ్‌కు రావాలని రూల్. గంటలు నిండకపోతే మెంబర్‌షిప్ రెన్యూ కాదు. అందుకని అందరం హోటల్ హాల్లో కూర్చుని, ఇంగ్లీషులో అర్థం కానిదానికంతా తల ఊపి, బిర్యానీ తిని, హాజరు సంతకం పెట్టి వచ్చేవాళ్లం.

షమీమక్క కమిటీతో పోట్లాడి శనివారం సాయంత్రాలు తెలుగులో క్లాసు పెట్టింది.

ఆమె చదివింది బీకాం. ఉత్త అసోసియేట్ మెంబర్. "క్వాలిఫైడ్ కాదు కదా" అని కొందరు మూతి విరిచారు.

"క్వాలిఫై అయినోళ్లు చెప్పినప్పుడు మీకేమన్నా అర్థమైందాప్పా?" అనేసింది.

ఆమె క్లాసుకు ఒకే రూల్. మొదటి ప్రశ్న ఎప్పుడూ అడగని మనిషే అడగాలి. ఆ మనిషి నోరు తెరిచేదాకా సీనియర్లు నోరు మూసుకోవాలి. ఎంతసేపైనా సరే.

నా మొదటి క్లాసు లీజుల మీద. చెప్పడం అయ్యాక అక్క మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. ఆ రోజు కొత్తదాన్ని నేనొక్కదాన్నే, అదీ వెనక వరుసలో. ముందు వరుసలో ఒక పెద్ద ఆడిటర్ చెయ్యెత్తాడు.

"దించప్పా సామీ" అంది.

ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎంతసేపని తల దించుకుని కూర్చుంటాను? లేచాను.

"అక్కా, బాడుగకు తెచ్చుకున్నది మనది కాదు కదా. మన పుస్తకంలో యాల రాయాల?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క నవ్వలేదు.

"చౌడేపల్లెలో ఒకాయన తన ఆవును మూడేండ్లకు పక్కింటోళ్లకు ఇచ్చినాడనుకో. ఆవు ఆయనదే. మేపేది ఈళ్లు, పిండేది ఈళ్లు. పొద్దున్నే డెయిరీలో పాలు పోసేది ఎవురమ్మా?"

"ఈళ్లే."

"మరి ఈళ్లింట్లో ఆవే లేదని రాస్తే పాలు యాడనుంచి వచ్చినట్ల?"

నవ్వినాయన నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో నన్ను అదే అడిగారు. మనసులో ఆవును తలుచుకుంటూ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు నేను తింటున్న అన్నం ఆ ఆవు పెట్టిందే.

ఆ ఏడాది చివర్లో అసోసియేషన్ అక్కకు ఒక సర్టిఫికెట్ పంపింది.

ఏమనుకున్నారు? శనివారం క్లాసులకు "హాజరై లబ్ధి పొందినందుకు".

అసోసియేట్ మెంబర్ పేరును వాళ్ల సిస్టమ్ స్పీకర్ కాలమ్‌లో తీసుకోదంట. అందుకని ఏడాదంతా పాఠం చెప్పిన మనిషి పాఠం విన్నట్టు రాసిచ్చారు!

నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం పడీపడీ నవ్వి, దాన్ని ఫ్రేమ్ కట్టించింది. గల్ఫ్ వదిలి పుంగనూరుకు వచ్చేశాక వంటింట్లో పప్పు డబ్బాల పైన తగిలించింది. దాని కిందే లాప్‌టాప్ పెట్టుకుని, ఒక్క శనివారం తప్పకుండా జూమ్‌లో క్లాసు నడిపింది.

నిన్న పలమనేరు మీదుగా పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆఖరిచూపు దక్కింది, అదే చాలు.

బాషా అన్న నన్ను వంటింట్లోకి తీసుకుపోయి ఆ ఫ్రేమ్ చూపించాడు.

"శనివారమైతే క్లాసుండాదని ఐదింటికే వంట ముగించేదమ్మా. నేను ఈ పీట మీద కూసోని వింటా ఉంటి. ఇంక శనివారమొస్తే ఈ ఇంట్లో ఏం సేసేది?"

ఏడ్చాను.

తిరిగి వస్తుంటే బస్సులో అసోసియేషన్ గ్రూపు మెసేజ్ చదివాను.

"రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర ఎంతో సేవ చేసిన మా అసోసియేట్ మెంబర్" అట.

రిజిస్ట్రేషన్ డెస్క్!

సంతాపంగా ఈ శనివారం క్లాసు రద్దట. అసలు తెలుగు క్లాసు అవసరమా అన్నది తర్వాత రివ్యూ చేస్తారట.

కమిటీ పెద్దలూ, ఆమె టీచర్. మీ సిస్టమ్ తీసుకోకపోతే చేత్తో రాసుకోండి.

బతికుండగా స్పీకర్ అనలేదు. పోయిన రోజే సంతాపం పేరు చెప్పి ఆమె క్లాసుకు తాళం వేస్తారా?

వేయనివ్వను.

ఈ శనివారం క్లాసు ఉంది. మన ఇండియా టైం సాయంత్రం ఆరున్నరకి. మీ లింకు వద్దు, నాది పెడతాను. ట్రైనింగ్ గంటలు ఇస్తే ఇవ్వండి, లేకుంటే మానండి.

చెప్పేది నేనే. ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. అయినా చెప్తాను. అక్క చెయ్యమన్న స్లైడ్లు రెడీగా ఉన్నాయి.

బాషా అన్నా, శనివారమొస్తే ఏం చేసేదని అడిగినావే. ఆ లాప్‌టాప్ ఆన్ చేసి, అదే పీట మీద కూర్చో.

ఇన్నేళ్లూ విన్నావు, ఒక్కసారి కూడా అడగలేదు. మొదటి ప్రశ్న నీదే.

నువ్వు నోరు తెరిచేదాకా అందరం మ్యూట్‌లో కాచుకుంటాం. ఎంతసేపైనా సరే.

పోయిరా షమీమక్కా. ఇంక ఎవరి రిజిస్టర్‌లోనూ నువ్వు సంతకం పెట్టే పని లేదు. నువ్వు పడుకున్న మట్టి చల్లగా ఉండాల.