పాడైపోయిందన్న జనరేటరు

తుఫాను వెళ్ళిపోయిన మూడోరోజు పొద్దున్న ఒక ముసలావిడ మా అరుగు దగ్గర నిలబడి అడిగింది. "బాబూ, నీ మిషను ఓ అరగంట ఆడించి మోటారెయ్యవా? ఈదోళ్ళం తలో రెండు బిందెల నీళ్ళట్టుకుంటాం."

"పాడైపోయింది మామ్మా, స్టార్టవ్వట్లేదు" అన్నాను, ఆవిడ మొహం చూడకుండా. పచ్చి అబద్ధం. ఇన్నేళ్ళలో నా గొప్పలు ఎంతమందికో చెప్పుకున్నాను గానీ ఈ సంగతి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. సిగ్గేసి విప్పలేదు.

తొంభైల్లో మాట. చోడవరంలో నాకో చిన్న మైకుసెట్ల షాపుండేది. పెళ్ళిళ్ళకి లైటింగు కోసం ఒక జనరేటరు కొన్నాను. తాడు లాగి పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కేక కిరసనాయిలు మీదకి మార్చాలి. ఇద్దరు పట్టుకుంటే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పగానే దాన్ని షాపులోంచి ఇంటికి తెచ్చేసేను.

గాలి ఒక రాత్రీ ఒక పగలూ కొట్టింది. చెరుకంతా చాప పరిచినట్టు పడుకుంది, కరెంటు స్తంభాలు ఎక్కడికక్కడ ఒరిగిపోయేయి. వారం దాకా కరెంటు రాదన్నారు. కుళాయిలూ ఆగిపోయేయి. మా వీధిలో సొంత బోరు, దానికి మోటారు ఉన్నది మా ఒక్క ఇంటికే. మిగిలినవాళ్ళు బస్టాండు అవతల బోరింగు దాకా పోయి, చేత్తో కొట్టుకుని మోసుకురావాలి. మొదటిరోజు నేనే పిలిచి మరీ జనరేటరు వేసి వీధందరికీ నీళ్ళు పట్టించేను. నిజం చెప్పొద్దూ, మహా దర్జాగా ఉండింది. రెండోరోజుకి మా పెరడంతా బురద, బిందెల గోల, ఆడవాళ్ళ తగువులు. విసుగొచ్చింది. మూడోరోజుకి కిరసనాయిలు ఒక్క డబ్బా మిగిలింది. ఆరోజు వన్డే మ్యాచ్ ఉంది. అదీ అసలు సంగతి. ఆ డబ్బా కాస్తా నీళ్ళకి పోసేస్తే నాకు మ్యాచ్ పోతుంది. ఛీ, రాస్తుంటేనే నా మీద నాకు అసహ్యమేస్తోంది.

అప్పుడు మా చెల్లి పురిటికొచ్చి మా ఇంట్లోనే ఉంది. పాప పుట్టి పన్నెండు రోజులు. బాలింతకి గాలి సోకకూడదని మా అమ్మ ఆ గది కిటికీలు బిగించి, సందుల్లో పాతచీర పీలికలు కుక్కింది. చెల్లి చెవుల్లో దూది, తలకి గుడ్డ. తల్లికీ పిల్లకీ నీళ్ళు పోసేది ఆ ముసలావిడే. మా వీధిలో బాలింతలందరికీ ఆవిడే, అదే ఆవిడ బతుకు. పొద్దున్నే వచ్చి ఒళ్ళు తోమి, నీళ్ళు పోసి, కుంపట్లో సాంబ్రాణి వేసి పొగ పట్టేది. పని అవగానే ఆ కుంపటి తనే పెరట్లోకి పట్టుకుపోయి నీళ్ళు చల్లి ఆర్పేది. నిప్పుని బాలింత గదిలో ఒక్క నిమిషం ఉంచనిచ్చేది కాదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక జనరేటరు తీసేను. పెరట్లో పెడితే చప్పుడు వీధంతా వింటుంది. అందుకని సామాన్ల గదిలోకి ఈడ్చి, చుట్టూ గోనెసంచులు నిలబెట్టి, తలుపులన్నీ మూసి స్టార్టు చేసేను. ఆ గదికీ చెల్లి గదికీ మధ్య ఒక్క గోడే. మాది పెంకుటిల్లు, ఆ గోడ పైదాకా లేదు. పెళ్ళిళ్ళలో దీని పొగ జనం మీదకి రాకుండా పందిరికి దూరంగా, గాలివాటు చూసి మరీ పెట్టేవాణ్ణి. తెలియక చేసేనని అనడానికి లేదు.

కాసేపటికి చెల్లి లోపల్నించి, "అన్నయ్యా, తల పగిలిపోతందిరా, కడుపులో తిప్పతంది" అంది. "గాలి సోకుంటాది" అని మా అమ్మ కిటికీ సందుల్లో ఇంకో గుడ్డ కుక్కి, తలుపు గట్టిగా మూసి తనూ పక్కన నడుం వాల్చింది. టీవీ ముందు నాకూ కణతలు లాగుతున్నాయి, కిరసనాయిలు కంపు కొడుతోంది. లేవలేదు. గెలవడానికి ఇంక నలభై పరుగులే కావాలి మరి!

వీధి తలుపు దబదబ కొట్టేరు. "బాబూ, తలుపు తియ్యి!"

మామ్మ గొంతు. చప్పుడు విని నీళ్ళకోసం దెబ్బలాటకొచ్చిందనుకున్నాను. టీవీ సౌండు తగ్గించి, ఇంట్లో లేనట్టే దొంగలా కూర్చున్నాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ పిలిచింది. నేను కదల్లేదు. అడుగుల చప్పుడు పెరటివైపు పోయింది, పెరటి తలుపు తోసిన చప్పుడైంది. మరో నిమిషానికి లోపల్నించి మామ్మ కేక.

పరిగెట్టేను. చెల్లి మంచం మీంచి సగం కిందకి జారిపోయి ఉంది, కళ్ళు తేలేసింది. అమ్మ నేలమీద ఏదో గొణుగుతోంది. మామ్మ పాపని భుజాన వేసుకుని, చెల్లిని చంకల కింద పట్టి ఈడుస్తోంది. "ఆ మిషనాపరా ఎదవా!" అంది. ఏనాడూ నన్ను బాబూ అని తప్ప పిలిచి ఎరగదు.

జనరేటరు ఆపి అమ్మని మోసుకొచ్చేను. సన్నగా వాన తుంపర పడుతున్న పెరట్లో ముగ్గుర్నీ పడుకోబెట్టేం. చెల్లి ఊపిరి తీసుకుంది. పాప ఏడవలేదు. మామ్మ పాప అరికాళ్ళ మీద కొట్టింది, వీపు రాసింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసేను. ఎంతసేపటికో పాప కేరుమంది. నేను ఆ బురదలోనే కూలబడి ఏడ్చేను.

వీధి గుమ్మంలో రెండు బిందెల నీళ్ళున్నాయి. మర్నాడు మా చెల్లికి పొయ్యడానికి ఆ ముసలావిడ బోరింగు నించి మోసుకొచ్చింది. జనరేటరు పాడైపోయిందని నేనే కదా చెప్పేను.

ఎవరో సైకిలు మీద పోయి డాక్టరు గార్ని తీసుకొచ్చేరు. అప్పటికి వీధంతా మా పెరట్లోనే ఉంది. "గదిలో పొగేమైనా పెట్టేరా?" అని అడిగేడాయన. వీధి వీధంతా నావైపే చూస్తోంది. నా నోట్లోంచి ఒకటే మాట వచ్చింది.

"కుంపటి."

"మూసిన గదిలో బొగ్గులేమిటయ్యా, ప్రాణాలు పోయేవి!" అని ఆయన చీవాట్లేసేడు. మిషను పొగ ప్రాణాలు తీస్తుందని అమ్మ ఎరగదు, ఆ మగతలో గదిలో కుంపటి ఉందో లేదో కూడా గుర్తులేదు; అంతే, ఓపిక తెచ్చుకుని మామ్మ మీద విరుచుకుపడింది. "ఒసే ముసిలీ, కుంపటి గదిలో ఒగ్గేసి నా పిల్లల్ని సంపేద్దువు గదే! పైగా బాలింతని వానలో పడేస్తావా? మళ్ళీ నా గుమ్మం తొక్కేవంటే సూడు!"

మామ్మ ఒక్కసారి నావైపు చూసింది. నేను తల వంచుకున్నాను. తడిసిన చీర పిండుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా వీధిలో పురుళ్ళు జరిగేయి, ఎవరూ ఆవిణ్ణి నీళ్ళు పొయ్యడానికి పిలవలేదు. మతిమరుపు ముసల్ది, కుంపటి వదిలేస్తుందన్నారు. ఎవరింటిదగ్గరో చింతపండు పిక్కలు తీస్తోందని విన్నాను. అమ్మకి చెప్పేద్దామని ఎన్నోసార్లు వంటింటి దాకా వెళ్ళేను, మంచినీళ్ళు తాగి వచ్చేసేను.

కొన్ని నెలలు పోయేక ఒకరోజు అనకాపల్లి బస్సు కోసం నిలబడి ఉంటే ఆవిడే నా దగ్గరికొచ్చింది. చిక్కిపోయింది. "నీ సెల్లి గుంట బోర్లా పడతందా బాబూ?" అంది.

"పడతంది మామ్మా."

సంతోషంగా నవ్వింది. తర్వాత అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "నువ్వేటీ బెంగెట్టుకోకు బాబూ. మిషను సంగతి నానెవురికీ సెప్పనేదు. నీకింకా పెళ్ళవ్వాల గదా."

"సరే మామ్మా" అన్నాను. బస్సొస్తే ఎక్కేసేను.