ఐదు ఫోల్డర్లు, ఒకే డ్రాయింగు

మల్కాపురంలో క్రేన్ల విడిభాగాలు చేసే వర్క్‌షాపులో డ్రాయింగుల బాధ్యత భ్రమరాంబది. కాగితాల రోజుల్లో ఏ సెక్షను వాళ్లు ఆ సెక్షను డ్రాయింగును ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవారు. కంప్యూటర్లొచ్చినా ఆ బుద్ధి పోలేదు. అందరి కంప్యూటర్లకూ కలిపిన ఒకే సర్వర్లో ఐదు సెక్షన్లకు ఐదు ఫోల్డర్లు, ఐదు కాపీలు. కొలత మారితే ఐదు చోట్లా మార్చాలి.

మొన్న ఆమె నాలుగు చోట్లే మార్చింది. లేతు మెషీను నడిపే అబ్బులు పాత కొలతతో షాఫ్టు కోసేశాడు. అతన్ని మెషీను మీంచి దించి గోడౌన్లో మోతపనికి వేశారు. తప్పు తనదని ఆమె చెప్పినా మేనేజరు గుణశేఖర్ వినలేదు. "మళ్లీ జరగదని గ్యారంటీ ఇవ్వండి. అప్పుడు మెషీను ఎక్కిస్తాను" అన్నాడు. అబ్బులు బస్తాలు మోస్తుంటే చూడలేక ఆమె తల తిప్పుకునేది. సిగ్గుతో చచ్చిపోయింది.

ఒక్క కాపీయే ఉంచుదామంటే ఫోర్‌మన్ నీలకంఠం ఇంతెత్తున లేచాడు.

"మా సెక్షన్ డ్రాయింగు మా ఫోల్డర్లోనే ఉండాల. ఇంకోడి దగ్గరికెల్లి సూసుకోమంటే నాను ఒప్పుకోను!"

సరే, అలాగే ఉంచుతానంది. యాభై దాటిన మనిషి, రోజూ క్యారేజీ తినేశాక పైథాన్ ప్రోగ్రామింగు పాఠాలకు కూర్చుంది. అసలు ఫైలు ఒక్కటే ఉంచి, దానికి ప్రతి ఫోల్డర్లోనూ ఒక సింబాలిక్ లింకు పెట్టొచ్చట. లింకు తెరిస్తే అసలు ఫైలే తెరుచుకుంటుంది. ఇంకేం కావాలి?

పదకొండో రోజున లింకులు పెట్టే ప్రోగ్రాం రాసి నడిపింది. ఐదు లింకులూ కనిపించాయి, ఒక్కటీ తెరుచుకోలేదు.

"ఏటమ్మా, కాళీ కవర్లు పంచీసినావా?" అని నీలకంఠం పళ్లికిలించాడు.

ఆమెకు ఒళ్లు మండింది. మళ్లీ మొదటినుంచీ చదివింది. తప్పు దొరికింది: అసలు ఫైలు ఎక్కడుందో చెప్పే దారిని తను తన ఫోల్డరు నుంచి లెక్కేసి రాసింది. లింకేమో తానున్న ఫోల్డరు నుంచి వెతుక్కుంటోంది. డిస్కు మొదలు నుంచీ పూర్తి దారి రాసిచ్చింది. ఐదూ తెరుచుకున్నాయి.

మర్నాడు గుణశేఖర్ ఎదుటే అసలు ఫైల్లో ఒక కొలత మార్చింది. ఐదు సెక్షన్ల కంప్యూటర్లలోనూ కొత్త కొలతే వచ్చింది. నీలకంఠం తన ఫోల్డరు రెండుసార్లు మూసి తెరిచి చూసుకున్నాడు.

గంటలో అబ్బులు లేతు దగ్గర నిలబడ్డాడు. స్విచ్చి మీద చెయ్యి వేసి ఆగాడు.

"అక్కా, ఇదేనా కొత్త కొలత?"

"ఇదే అబ్బులూ. ఇంకోటి ఎక్కడా లేదు."