చెవిలో వైరు, టేబుల్ మీద ఫోన్

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. కుర్చీలో కూలబడ్డానో లేదో కుడికాలు దానంతటదే ఊగడం మొదలుపెడుతుంది. కూర్చుని కాలు ఊపితే ఇంటికి దరిద్రమని మా అమ్మ తిట్టేది, ఇప్పుడు మా ఆవిడ తిడుతుంది. ఆటోనగర్‌లో లారీల బుకింగ్ ఆఫీసు నడిపేవాడికి కుదురు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి. ఖాళీ లారీకి లోడు వెతకాలి, లోడు పెట్టుకుని కూర్చున్నవాడికి లారీ వెతకాలి. బండి ఆలస్యమైతే సరుకు యజమాని నన్నే తిడతాడు, సరుకు ఆలస్యమైతే డ్రైవరూ నన్నే తిడతాడు.

ఇదంతా నడిచేది ఫోన్ మీద. పళ్ళు తోముకుంటున్నప్పుడు మొదలై, అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా చెవిలో జోరీగలా మోగుతూనే ఉంటుంది. నాకేమో పాటల పిచ్చి. ఫోన్‌లో పాట పెట్టుకుంటే పల్లవి అయిపోయి చరణం అందుకునేలోపు ఏ డ్రైవరో అందుకునేవాడు. "అన్నా, లోడు దించిన. వాపస్ లోడు ఏమన్న ఉందా?" అంతే, పాట గంగలో కలిసేది.

అందుకని ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న పాటల డబ్బీ కొన్నాను. ఎంపీత్రీ ప్లేయర్ అంటారు. అగ్గిపెట్టె కన్నా చిన్నది, చొక్కా జేబుకు తగిలించుకోవచ్చు, తెర లేదు. షాపతను కోస్తావైపు మనిషి. తన కంప్యూటర్‌లోంచి పాటలు ఎక్కిస్తూ, ఏం పాటలు కావాలండీ అని మర్యాదగా అడిగాడు. పాతవి అన్నాను. పాతవంటే ఎప్పటివండీ అన్నాడు. నాకు చెప్పడం రాక, మీకు నచ్చినవి వెయ్యండి అన్నాను. అతనికి ఏం నచ్చుతాయో ఇంటికొచ్చి వింటేగాని తెలియలేదు. దేవుడి స్తోత్రం అయిపోగానే తీన్మార్ డప్పు, అది అయిపోగానే ఏడుపు పాట. తెర లేదు కాబట్టి మనకు కావలసింది వెతుక్కోవడానికి లేదు. బటన్ నొక్కుతూ పోవడమే. నాలాంటి తొందరగాడికి అది కొనితెచ్చుకున్న తద్దినం.

అయినా దానితో లాభాలు లేకపోలేదు. అది మోగదు. పొద్దున్నే పూలబొమ్మ పెట్టి శుభోదయం చెప్పదు. ఒకసారి చొక్కాతోపాటు వాషింగ్ మెషీన్‌లో తిరిగొచ్చి, ఎండలో ఆరి మళ్ళీ పాడింది. నష్టాలంటారా, దాని వైరు తలుపు గడియకు చిక్కుకుని చెవి పీకేస్తుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో హారన్ వినపడక ఒక స్కూటర్‌కు అడ్డం పోయాను. అతను బండి ఆపి మరీ తిట్టాడు. నాకు పెదవులు కదలడం మాత్రం కనిపించింది. ఏం తిట్టాడో ఈరోజుకీ తెలియదు కాబట్టి దాన్ని లాభాల్లో వెయ్యాలో నష్టాల్లో వెయ్యాలో కూడా తెలియదు.

అసలు సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చెవిలో వైరు పెట్టుకున్న మనిషిని ఇంట్లోవాళ్ళు ఇంట్లో లేనట్టే లెక్కేస్తారు.

మన్సూరాబాద్‌లో రెండో అంతస్తులో మాది కిరాయి ఇల్లు. నేను, మా ఆవిడ, మా ఒక్కగానొక్క కూతురు. నల్గొండ దగ్గరి ఊరినుంచి చేతిసంచితో వచ్చినవాణ్ణి. నా ఆఫీసులో ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ, దాని ఒక కాలు వంకర. నా బిడ్డ మాత్రం ఎదురుగా జనం నిలబడి ఎదురుచూసే కుర్చీలో కూర్చోవాలని నా కోరిక. డిగ్రీ కాగానే ఆఫీసరు పరీక్షకు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌లో చేర్పించాను. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్దిలో పోయింది. మూడోసారి ఖాయమని నేను చుట్టాలకు, టీకొట్టువాడికి, ఆఖరికి డ్రైవర్లకు కూడా చెప్పేశాను.

డబ్బీ వచ్చాక నా సాయంత్రాలు మారాయి. ఇంటికి రాగానే ఫోన్ టేబుల్ మీద పడేసి, చెవుల్లో వైరు పెట్టుకుని బాల్కనీలో కూర్చునేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒక వింత గమనించాను. గంట తర్వాత ఫోన్ చూస్తే అందుకోని కాల్స్ పెద్దగా ఉండటం లేదు. బేరాలు పడిపోయాయేమోనని దిగులు పట్టుకుంది. మోగితే ఒక బాధ, మోగకపోతే ఇంకో బాధ. తీరా ఆఫీసుకు వెళ్తే బండ్లు కదులుతూనే ఉన్నాయి, లోడ్లు చేరుతూనే ఉన్నాయి. నాకేమీ అంతుబట్టలేదు.

ఒకరోజు టీ తాగుతూ ఒక పాత డ్రైవర్ నవ్వాడు. "మీ పాప మంచిగ మాట్లాడుతదన్నా. మీ లెక్క తిట్టది."

ఫోన్ ఎవరు ఎత్తుతున్నారో అప్పుడు అర్థమైంది. పుస్తకం ముందు ఉండాల్సిన పిల్ల డ్రైవర్లతో మాట్లాడుతోందా అని ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోయి నిలదీయాలనుకున్నాను. కానీ మా ఇంట్లో తండ్రీకూతుళ్ళ మాటలు నేరుగా పోవు. నాన్నకు చెప్పమ్మా అని అది వాళ్ళమ్మతో అంటుంది, దానికి చెప్పవే అని నేను ఆమెతోనే అంటాను. ఎప్పుడు అలా అయిందో తెలియదు, అలవాటైపోయింది. అందుకని అడగకుండా, వినాలనుకున్నాను. ఆ సాయంత్రం చెవుల్లో వైరు పెట్టుకుని, డబ్బీ బటన్ మాత్రం నొక్కలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. బిడ్డ రెండో రింగుకే ఎత్తి, స్పీకర్‌లో పెట్టింది. విజయవాడ వైపునుంచి టైల్స్ లోడుతో వచ్చిన బండి. తీరా దుకాణం దగ్గరికి వస్తే షట్టర్‌కు తాళం, యజమాని ఫోన్ ఎత్తడం లేదు. నేనైతే ముందు ఆ యజమాని ఇంటిల్లిపాదినీ దులిపేసేవాణ్ణి. ఇది తిట్టలేదు. పక్క దుకాణంలో కనుక్కోమని డ్రైవర్‌ను పంపింది. యజమాని ఇంట్లో ఎవరో పోయారని తెలిసింది. బండిని వెనక్కి, ఊరి బయట పెద్ద అంబర్‌పేట్‌కు తీసుకుపోయి ఆపుకోమని, ముందు అన్నం తినమని చెప్పింది. తర్వాత యజమాని తమ్ముడిని పట్టుకుంది. అన్నా, ఇయ్యాల మిమ్మల్ని ఇబ్బంది పెట్టం, రేపు పొద్దున హమాలీలను నేనే చూస్త, తాళం చెవి పంపితే చాలు అంది. అతను ఒప్పుకున్నాడు. ఆ డ్రైవర్‌కే వాపస్ లోడు కూడా వెతికి పెట్టి, పోయి కూర తరగడానికి కూర్చుంది.

నేను రోడ్డు వైపు చూస్తూ అలాగే ఉండిపోయాను. కోపం ఉంది. కానీ ఆ కోపం మీద ఇంకేదో వచ్చి కూర్చుంది. అది సంతోషమని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

తర్వాత వంటింట్లో తల్లీబిడ్డల మాటలు మొదలయ్యాయి. నేను బాల్కనీలోనే ఉన్నాను, తలుపు తీసే ఉంది, అయినా వాళ్ళకు భయం లేదు. చెవిలో వైరు ఉంది కదా.

"నేను మల్ల పరీక్ష రాయనమ్మా. నాన్న ఆఫీసుల కూసుంట."

ఈ మాట ఆయనతో ఎవరు చెప్తారంది మా ఆవిడ. నువ్వే చెప్పమంది బిడ్డ. నాతో కాదంది తల్లి. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు, ఆయన ముఖం ఎట్ల చూడాలె అంది. ఆ తర్వాత కుక్కర్ కూత పెట్టింది.

ఆ రోజునుంచి నా బతుకు తేలు కుట్టిన దొంగ బతుకైంది. విన్నానని చెబితే దొంగచాటుగా విన్నట్టు ఒప్పుకోవాలి. చెప్పకపోతే లోపల మంట. పోనీ పాటలు పెట్టుకుందామంటే చెవి వాళ్ళ మాటలకే పోయేది. రోజూ వైరు పెట్టుకోవడం, బటన్ నొక్కకపోవడం. కాలుగాలిన పిల్లిలా ఇంటికీ ఆఫీసుకూ తిరిగాను. ఆఫీసులో వంకర కుర్చీ చూస్తే ఒళ్ళు మండేది. అక్కడ నేను మాట్లాడే మాటల్లో సగం ఇంటికి తీసుకురాను. గేటు దగ్గరే ఉమ్మేసి వస్తాను. ఆ గదిలో, ఆ బీడీ పొగలో నా బిడ్డ కూర్చోవడమా? దానికోసమా నేను ఇన్నాళ్ళు ఆ తిట్లు తిన్నది?

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. బిడ్డ కోచింగ్ సెంటర్ ఎదురుగా నిలబడ్డాను. ఎందుకు వచ్చానో నాకే తెలియదు. లోపల చోటు చాలక పిల్లలు మెట్ల మీద పుస్తకాలు పెట్టుకుని చదువుతున్నారు. పిల్లలంటే అందరూ పిల్లలు కారు. ఆపి ఉన్న బైకు సీటు మీద పుస్తకం పరుచుకుని ఒకతను చదువుతున్నాడు. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. పెదవులు కదులుతున్నాయి, కళ్ళు మాత్రం పేజీ మీద లేవు, రోడ్డు మీద ఉన్నాయి. అతని తండ్రి కూడా ఎక్కడో టీకొట్టు దగ్గర ఈసారి ఖాయమని చెబుతూ ఉంటాడనిపించింది. నాకు కోపం వచ్చింది. అతని మీదో, ఆ తండ్రి మీదో, నా మీదో తెలియలేదు. టీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఆ ఆదివారం సాయంత్రం మా ఆవిడ వంటింట్లో ఉంది. నేను ఫ్రిజ్ మీద డబ్బీకోసం వెతికాను, లేదు. వైరు ఒక్కటే మేకుకు వేలాడుతోంది. మా ఆవిడ ఎక్కడో సర్ది ఉంటుందనుకున్నాను. ఇంతలో మెట్ల మీద బిడ్డ చెప్పుల చప్పుడు. ఖాళీ చెవులతో కనిపిస్తే మాట్లాడాల్సి వస్తుందేమోనన్న భయం. నా ఇంట్లో నాకు భయం. గబగబా వైరు చెవుల్లో పెట్టుకుని, రెండో కొస ఖాళీ జేబులో పడేసి, బాల్కనీలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అది లోపలికి పోలేదు. భుజాన బ్యాగుతోనే వచ్చి, స్టూలు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. అలా ఎదురుగా కూర్చుని ఎన్నాళ్ళైందో. నేను పాటకు తల ఊపుతున్నట్టు కొంచెం ఊపాను.

"నాన్నా, నేను ఇగ పరీక్ష రాయ," అంది. "పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తయ్, లోపలికి మాత్రం పోతలేవు. నీ ఫోన్ ఎత్తితే పొద్దు ఎట్ల పోయిందో కూడా ఎరుకైతలేదు. ఏ బండి ఏడుందో చూడకుంటనే చెప్త. నీ ఆఫీసుల కూసుంట. అక్కడ ఎట్లుంటదో నాకు ఎరుకే. నువ్వు తిట్టు, కొట్టు, కాని భయపడి చెప్పకుంట మాత్రం ఉండ."

నేను ఎదురింటి నీళ్ళట్యాంకు వైపు చూస్తున్నాను. పాట వింటున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుని అలా పెట్టడానికి ప్రయత్నించాను.

అది బ్యాగు జిప్పు తీసింది. డబ్బీ బయటకు తీసి మా ఇద్దరి మధ్యా పిట్టగోడ మీద పెట్టింది.

"పొద్దుగాల్నుంచి నా బ్యాగులనే ఉంది నాన్నా," అంది. గొంతులో వెక్కిరింపు లేదు. "పాట వింటే నీ కాలు ఊగుతది. మేం మాట్లాడితే ఆగుతది. అమ్మ ఎప్పుడో చూసింది."

కిందికి చూశాను. నా కాలు కదలకుండా ఉంది. ఎవరి కాలో అన్నట్టుంది.

సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, మూడూ మింగేశాను. తెలిసే కదా నా ఎదుట అన్నీ మాట్లాడుకున్నారు ఈ తల్లీబిడ్డలు. నేను వింటున్నాననుకున్నాను, వాళ్ళు వినిపిస్తున్నారు. తిట్టాలనిపించింది. ఆటోనగర్ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి, ఒక్కటీ ఈ పిల్లకు సరిపోలేదు. చెవిలో వైరు తీసేయాలని ఉంది. తీస్తే ఏదో ఒకటి చెప్పాలి.

లోపల టేబుల్ మీద ఫోన్ మోగింది.

అది లేవలేదు. ఇన్నాళ్ళూ రెండో రింగుకే ఎత్తిన పిల్ల, స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరినీ చూసి, అక్కడే నిలబడిపోయింది. ఎక్కడో రోడ్డు పక్కన బండి ఆపుకుని, ఎవరో ఒకరు మాట్లాడతారని ఎదురుచూస్తున్నాడు ఒక డ్రైవర్. నా కాలు మళ్ళీ ఊగడం మొదలైంది. వైరు ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఫోన్ మోగుతుంది గద," అన్నాను. "పో, ఎత్తు."