బావ డైరీలో అక్క అరగంట

మా బావ వ్యాయామ శిక్షకుడు. ఆయన డైరీలో అరగంటకో మనిషి, మనిషికో లక్ష్యం; ఖాళీ గడి కనిపించదు.

"ఏమండీ, నాకూ ఓ అరగంట రాయండి, నాలుగు మాటలు చెప్పుకుందాం" అని అక్క నెలరోజులు పోరితే, గురువారం నాలుగింటికి రాశాడు. అలవాటుకొద్దీ పక్కన "నడుము తగ్గించాలి" అని కూడా చేర్చాడు!

ఆ రోజు జిమ్ముకెళ్లిన అక్కను చాప మీద పడుకోబెట్టి, "కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా వదులు, ఇలా" అని పక్కనే పడుకుని చూపించబోయి, తానే నిద్రలోకి జారిపోయాడు. కిటికీ తెర మెల్లగా ఉబ్బింది. అద్దాల్లో ఎండ నీళ్లలా కదిలింది.

నాలుగున్నరకు రావలసినాయన వచ్చి, "అయ్యో, సారుకేమైంది?" అన్నాడు.

"ష్! నా టైం ఇంకా అవలేదన్నయ్యా," అంది అక్క. డైరీలో తన గడిలోని నడుము మాట కొట్టేసి, "నిద్ర పెంచాలి" అని రాసింది.